పేరులపట్టికలో నక్షరసంకరము

తాళపత్రగ్రంథములను సేకరించు సమాజములకు గ్రంథములెంత ముఖ్యములో, ఆ గ్రంథములు గలవారి పేరులును జిరునామాలును నంత ముఖ్యములు. ఏ గ్రామమున నే యింట నే కట్ట యున్నదో, ప్రత్యంతరము వలసినప్పు డెవ్వరికి జాబు వ్రాయవలెనో తెలియని యెడల సూచీపత్రము వట్టి పేరుల మాల యగును. ఇట్టి పట్టికలు పూర్వము చేవ్రాత పుస్తకములలో నుండెడివి. ఇప్పుడు పెక్కుచోట్లఁ గంప్యూటరులలో నున్నవి. చేవ్రాత పుస్తకమునకుఁ జెదలు శత్రువు. కంప్యూటరు పట్టికకు శత్రువు వేఱు: ఒక సంకేతమున వ్రాసినదానిని మఱియొక సంకేతమునఁ జదువుట. ఈ దోషమెట్లు పుట్టునో, దాని నెట్లు గుఱుతింపవలెనో, ఎంతవఱకు సరిదిద్దవచ్చునో, ఎచ్చట సరిదిద్దుట యసాధ్యమో యీ వ్యాసమునందు వివరింపఁదలఁచితిని.

ఈ విషయము నా కనుభవమున నెదురైనది. మేము గ్రంథస్వాముల పేరులను ఈమాక్సు అను ప్రోగ్రాములో, దానికంగమైన బి.బి.డి.బి. యను చిరునామాపట్టికలో నుంచితిమి. ఒకనాఁడు పట్టికను దెఱచి చూడఁగాఁ దెలుఁగుపేరు లుండవలసినచోటుల నెల్ల నెత్తిన గీత గల లాటిను అకారములును, ఉష్ణమానమును దెలుపు చిన్నసున్నలును, ఏటవాలుగీతతోఁ గూడిన యంకెలును బారులు దీరి కనఁబడెను. చూచినవారెల్ల ఫైలు చెడిపోయినదనిరి. నిజమునకుఁ జెడలేదు. పిమ్మటఁ జెడఁగొట్టినవారము మేమే. ఆ రెంటికిఁ గల భేదమే యీ వ్యాసమునకుఁ బ్రధానవిషయము.

ఈమాక్సు పాఠములను వ్రాయుటకును దిద్దుటకును నేర్పడిన ప్రోగ్రాము. దీని మొదటిరూపము 1976లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలోఁ బుట్టినది. రిచర్డు స్టాల్‌మన్ రచించిన గ్నూ ఈమాక్సు 1985లో లోకమునకు వెలువడెను. బి.బి.డి.బి.ని 1991లో జేమీ జవిన్‌స్కీ రచించెను. అందలి పట్టిక గూఢలిపిలో నుండునది కాదు, సామాన్యమైన పాఠమే. ఒక్కొక్క వ్యక్తికి నొక్కొక్క పంక్తి. ఆ పంక్తిలోఁ జదరపు కుండలీకరణముల నడుమఁ బేరు, సంస్థ, టెలిఫోను సంఖ్య, చిరునామా, టిప్పణి మొదలగునవి వరుసగా నుండును. అది పాఠము గావుననే పాఠమునకు రాఁదగిన దోషములన్నియు దానికి రావచ్చును; పాఠమునకుఁ జేయఁదగిన చికిత్సలును దానికిఁ జేయవచ్చును.

సంకేతస్వరూపము

యంత్రమున కక్షరము తెలియదు. 0 మొదలు 255 వఱకుఁ గల యంకెలే దానికిఁ దెలియును. అట్టి యంకె యొక్కటి బైటు అనఁబడును. ఫైలనఁగా బైటుల వరుస. ఏ బైటునకు, లేక యే బైటుల సమూహమునకు, ఏ యక్షరమను నేర్పాటే సంకేతము. ఫైలులో నున్నవి యంకెలు మాత్రమే. సంకేతము చదువువారి బుద్ధిలో నుండవలెను.

ఇది మనకుఁ గ్రొత్త విషయము కాదు. కటపయాది సంకేతమున మకార మైదు, యకార మొకటి. ఆర్యభటుని సంకేతమున మకార మిరువదియైదు, యకారము ముప్పది. శ్లోకమున మకారమున్నదని తెలిసినంతమాత్రమున నెవ్వఁడును సంఖ్యను జెప్పఁజాలఁడు. ఏ సంకేతమో ముందు తెలియవలెను. సంకేతము తెలిసినను జదువు క్రమము తెలియవలెను. మేచకల్యాణి యను రాగనామమున మే యనఁగా నైదు, చ యనఁగా నాఱు. కుడినుండి యెడమకుఁ జదివిన నఱువదియైదు, అదియే యా మేళకర్త సంఖ్య. ఎడమనుండి చదివినచో నేఁబదియాఱు వచ్చును. ఏఁబదియాఱవ మేళకర్త షణ్ముఖప్రియ. తప్పుగాఁ జదివినను నొక రాగమే దొరకినది! సంకేతము తప్పినప్పు డెల్లవేళల నర్థహీనమైన ఫలమే వచ్చునని నమ్మరాదు.

పాణినీయము చదివినవారికి నింకను దగ్గఱ యుదాహరణము గలదు. మాహేశ్వరసూత్రములలో ణకార మనుబంధముగా రెండుమాఱులు వచ్చినది: మొదటిసూత్రము చివర నొకమాఱు, లకారసూత్రము చివర నొకమాఱు. కావున అణ్ అను ప్రత్యాహారము నే ణకారము వఱకు గ్రహింపవలెనని సందేహము. సవర్ణగ్రహణమును విధించు సూత్రమునఁ దక్క నంతటను బూర్వణకారము వఱకే అణ్ అనియు, ఇణ్ మాత్ర మంతటను బరణకారము వఱకే యనియు వ్యాఖ్యాతలు నిర్ణయించిరి. ఈ నిర్ణయము ణకారమును జూచినంతనే తేలునది కాదు, సంప్రదాయము చెప్పవలెను. సందేహము గలదని శాస్త్రము శాస్త్రము గాకపోదు, వ్యాఖ్యానము వలన విశేషము తెలియునని వైయాకరణుల మతము. బైటుల విషయమునను న్యాయ మిదియే.

ఇఁకఁ దెలుఁగునకు వత్తము. యూనికోడు అను సర్వలిపిసంకేతముయొక్క మొదటి కూర్పు 1991లో వెలువడినది. అందుఁ దెలుఁగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానము లీయఁబడినవి. వానిలోఁ గకారము 3093. ఇంత పెద్దయంకె యొక బైటులోఁ బట్టదు గావున దానిని బైటులుగా విభజించు పద్ధతి వలసెను. అట్టి పద్ధతులలో నిప్పుడు ప్రసిద్ధమైనది యు.టి.ఎఫ్-8. దీనిని 1992లోఁ గెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిరి. తెలుఁగువఱకు దీని గణితము సులభము. 3093ను 64చే భాగింపఁగా లబ్ధము 48, శేషము 21. మొదటి బైటు 224. రెండవది 128కి 48 కలుపఁగా 176. మూఁడవది 128కి 21 కలుపఁగా 149. కావున 224, 176, 149 అను మూఁడు బైటులు కలసి యొక్క కకారము. తెలుఁగున నచ్చు గాని, హల్లు గాని, గుడి కొమ్ము మొదలగు గుఱుతు గాని, పొల్లు గాని, ప్రతిదానికి మూఁడేసి బైటులు. మొదటి బైటెప్పుడును 224. రెండవది 176 లేక 177. ఈ మాట పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితోఁ బనియున్నది.

పశ్చిమయూరపు భాషలకై యేర్పడిన లాటిన్-1 అను సంకేతమున నొక్కొక్క బైటే యొక్కొక్క యక్షరము. అందు 224 నెత్తిన గీత గల అకారము, 176 ఉష్ణమానపు చిన్నసున్న (°), 177 ధనఋణచిహ్నము (±). 149కి రూపమే లేదు; అది కంటికిఁ గనఁబడని నియంత్రణస్థానము. కాఁబట్టి తెలుఁగుకకారమును లాటిన్-1గాఁ జదివినచో నకారము, సున్న, రూపము లేని మఱియొకటి, ఈ మూఁడును వేఱువేఱుగాఁ గనఁబడును. విశేషమేమనఁగా 128కి లోఁబడిన యంకెలకు, అనఁగా సామాన్యమైన యింగ్లీషు అక్షరములకు, రెండు సంకేతములును నొక్కటియే. ఆ భాగములో నెన్నఁడును విరోధము పుట్టదు. విరోధము పుట్టకపోవుటయే దోషము దాఁగుటకుఁ దావగును.

లక్షణపరీక్ష

తెరమీఁదఁ దెలుఁగు సరిగాఁ గనఁబడనప్పు డన్నియు నొకే వ్యాధి యని తలఁచి మందు వేయఁగూడదు. లక్షణము లైదు విధములు.

మొదటిది, అకారము వెంటఁ జిన్నసున్న గాని ధనఋణచిహ్నము గాని తఱుచుగా వచ్చుట. ఇది తెలుఁగును లాటిన్-1గా, లేక దానికి దాయాదియైన విండోసు-1252గాఁ జదివినప్పటి లక్షణము. 224 తరువాత 176 లేక 177 వచ్చునని చెప్పితిమి గదా, అదియే యిది. ఫ్రెంచి పేరులలో నట్టి యకార ముండవచ్చును గాని దానివెంట నీ చిహ్నములు రావు.

రెండవది, ఏటవాలుగీతతో \340\260\225 వంటి యంకెలు కనఁబడుట. ఇవి యెనిమిదింటి లెక్కలో వ్రాసిన బైటులు: 340 అనఁగా 224, 260 అనఁగా 176, 225 అనఁగా 149. అనఁగా నిది కకారమే. ఈమాక్సు తనకు రూపము తెలియని బైటును దాఁచక యిట్లు చూపును. ఇది భయపడవలసిన లక్షణము కాదు. బైటులు పదిలముగా నున్నవనుటకు సాక్ష్యము.

మూఁడవది, అక్షరమునకు బదులు చతురస్రములు గనఁబడుట. ఇచ్చట సంకేతము సరియైనదే. అక్షరరూపములుండు ఖతి యా యంత్రములో లేదు. ఖతిని దెచ్చి పెట్టిన సరి. ఫైలును ముట్టఁబనిలేదు.

నాలుగవది, అక్షరములు తెలుఁగువే యయ్యు వత్తులు విడిపోయి పొల్లుతో హల్లులు వరుసగా నిలుచుట. ఇది రూపసంయోజనలోపము. 2020లో వచ్చిన ఈమాక్సు 27వ కూర్పునుండి హార్ఫ్‌బజ్ అను సాధనముతో నీ కార్యము జరుగుచున్నది. ప్రాఁతకూర్పును మార్చుకొనవలెను. ఇదియు ఫైలు దోషము కాదు.

అయిదవది, అక్షరములకు బదులు ప్రశ్నార్థకచిహ్నములు. ఇది నిజమైన నష్టము. వ్రాసిన ప్రోగ్రాము తన సంకేతమునఁ బట్టని యక్షరమును విడిచి ప్రశ్నార్థకమును ఫైలులో నుంచినది. ఆ ఫైలునుండి మూలాక్షరమును మంత్రమువేసినను రాఁబట్టఁజాలము.

సందేహమున్నచోఁ జూచుటకు సాధనము గలదు. సందిగ్ధాక్షరముమీఁదఁ గర్సరు నుంచి కంట్రోల్-యు, కంట్రోల్-ఎక్సు నొక్కి, సమచిహ్నమును నొక్కినచో నా యక్షరముయొక్క యూనికోడు సంఖ్యయు, ఫైలులో దానికిఁ గల బైటులును, దానిని జూపుచున్న ఖతియుఁ దెలియును. తెర యడుగునఁ గల స్థితిపంక్తి మొదట యు అను నింగ్లీషు అక్షరమున్న యు.టి.ఎఫ్-8 అనియు, 1 అను నంకె యున్న లాటిన్-1 అనియు నెఱుఁగవలెను. నాడిని జూచినపిమ్మటనే మందు.

సంకరోత్పత్తి

ఇప్పుడు మా పట్టికకు వచ్చిన విపత్తును జెప్పెదను. పట్టిక మొదట నింగ్లీషు అక్షరములతోనే యుండెను. దాని మొదటి పంక్తిలో నీ ఫైలు లాటిన్-1 సంకేతమున నున్నదని ప్రకటన యుండెను. ఈమాక్సులో ఫైలు మొదటి పంక్తియందుఁ గోడింగ్ అను మాటవెంట సంకేతము పేరు వ్రాయు నాచారము గలదు. అది శాస్త్రమునందలి పరిభాష వంటిది. తరువాతి పంక్తులన్నియు దానికి లోఁబడును. బి.బి.డి.బి. యొక్క నేఁటి కూర్పులు తాము సృష్టించు ఫైలులలో నిట్టి పంక్తి నుంచును. మాది ప్రాఁతఫైలు. అక్షరములన్నియు 128కి లోఁబడినవే గావున నా ప్రకటన నిజమైనను గాకున్నను నెవ్వరికినిఁ దెలిసినది కాదు.

పిమ్మట మాలో నొకరు మఱియొక యంత్రములో, మఱియొక ప్రోగ్రాముతో నా ఫైలును దెఱచి కొన్ని పేరులను దెలుఁగున వ్రాసిరి. ఆ ప్రోగ్రాము మొదటి పంక్తిని లెక్కింపదు; యు.టి.ఎఫ్-8లోనే వ్రాయును. ఫైలు మరల ఈమాక్సునకు వచ్చెను. పరిభాష లాటిన్-1 అనుచున్నది, పాఠము యు.టి.ఎఫ్-8లో నున్నది. ఈమాక్సు పరిభాషను నమ్మి లాటిన్-1గాఁ జదివెను. అకారములును సున్నలును వచ్చుట కిదియే కారణము.

ఈ దశలో నష్టమేమియు లేదు. ఈ మాటను నొక్కి చెప్పుచున్నాను. లాటిన్-1లోఁ బ్రతి బైటునకును నొక స్థానముండుటచేఁ దప్పుగాఁ జదివినదానిని దప్పుగానే మరల వ్రాసినచోఁ బూర్వపు బైటులే ఫైలులోఁ బడును. సంస్కృతశ్లోకమును దెలియకయే యక్షరాక్షరము నకలు చేసిన లేఖకుని వలె యంత్ర మర్థమును జెఱిచినను బాఠమును జెఱుపదు.

నష్టము తరువాతి యడుగునఁ గలిగినది. ఆ తప్పుపఠనము తెరమీఁద నుండఁగనే మాలో నొకరు క్రొత్తగా నొక గ్రంథస్వామి పేరును దెలుఁగున చేర్చిరి. ఇప్పుడు తెరమీఁద రెండుజాతుల పాఠము గలదు: తప్పుగాఁ జదువఁబడిన ప్రాఁతపేరులు, సరిగా వ్రాయఁబడిన క్రొత్తపేరు. తెలుఁగు లాటిన్-1లోఁ బట్టదు. భద్రపఱుపఁబోవునప్పుడు ఈమాక్సు దానిని గనిపెట్టి యే సంకేతమున వ్రాయవలెనని యడిగెను. యు.టి.ఎఫ్-8 అని చెప్పితిమి. ఇది మొదటిపంక్తిలోని ప్రకటనకు విరుద్ధముగా నున్నది, నిజముగా వ్రాయుదునా యని మరల నడిగెను. తొందరలో నవునంటిమి. యంత్రము రెండుమాఱులు హెచ్చరించినది. మనుష్యులు రెండుమాఱులు వినలేదు.

ఫలమేమనఁగా: క్రొత్తపేరు సరిగాఁ బడినది. ప్రాఁతపేరులలోని ప్రతి యకారమును, ప్రతి సున్నయు, ప్రతి యదృశ్యస్థానమును స్వతంత్రాక్షరములని యెంచి యంత్రము వానికి యు.టి.ఎఫ్-8 వేషము వేసినది. 224 అనునది 195, 160 అను రెండు బైటులాయెను. 176 అనునది 194, 176. 149 అనునది 194, 149. మూఁడు బైటుల కకార మాఱు బైటులాయెను. రకారము, దీర్ఘము, మకారము గల రామ యను పేరు తొమ్మిది బైటులలో నుండవలసినది పదునెనిమిది బైటులాయెను. మొదటిపంక్తి యింకను లాటిన్-1 అనుచుండుటచే మఱునాఁడును నట్లే చదివి యట్లే వ్రాసినచో ముప్పదియాఱగును. పట్టికలోఁ బేరులు పెరుగకయే ఫైలు పరిమాణము పెరుగుచున్నచో నీ వ్యాధిని శంకింపవలెను.

దీనినే నేను సంకరమనుచున్నాను. ఒక ఫైలులోఁ గొన్ని పంక్తులు శుద్ధములు, కొన్ని యేకావృత్తి దుష్టములు, కొన్ని ద్విరావృత్తి దుష్టములు. ఇప్పుడు ఫైలున కంతటికి నొక్క సంకేతమును జెప్పి సరిచేయుట యసాధ్యము. కొందఱి పేరు బాగుచేసిన మఱికొందఱి పేరు చెడును.

పరిష్కారక్రమము

అన్నిటికి మొదటి నియమము: తెరమీఁద వికారము గనఁబడినతోడనే యేమియుఁ జేర్పక, ఏమియు దిద్దక, భద్రపఱుపక ఫైలును మూయవలెను. తరువాత దాని కొక నకలు తీసి వేఱొకచోట నుంచవలెను. మూలప్రతిమీఁద గంట మానింపని లేఖకుఁ డెంత ప్రమాదకారియో, నకలు తీయక ఫైలును దిద్దువాఁడు నంతే. బి.బి.డి.బి. పనిచేయుచుండఁగా దాని ఫైలును జేతితో దిద్దరాదు. ఈమాక్సును మూసి మరలఁ దెఱచి, పట్టికను వాడకమునుపే యా ఫైలును సామాన్యపాఠముగాఁ దెఱవవలెను.

సంకరము కలుగకముందే కనిపెట్టినచోఁ బరిష్కారము సులభము. కంట్రోల్-ఎక్సు, రిటర్ను, ఆర్ అను వానిని వరుసగా నొక్కినచో నే సంకేతమున మరలఁ జదువవలెనని ఈమాక్సు అడుగును. యు.టి.ఎఫ్-8 అని చెప్పఁగా ఫైలు మరలఁ జదువఁబడి తెలుఁగు ప్రత్యక్షమగును. ఇచ్చటనే యాగరాదు. మొదటిపంక్తిలోని లాటిన్-1ను దీసి యు.టి.ఎఫ్-8 అని వ్రాసి భద్రపఱుపవలెను. పరిభాషను దిద్దక పాఠమును మాత్రమే చూచి సంతోషించినవానికి మఱునా డదే వ్యాధి తప్పదు. ఇదే తరుణమున నొక భ్రమను గూడఁ దొలఁగించుట మంచిది. రిటర్ను తరువాత ఆర్ నొక్కుట చదువుటకు సంబంధించినది. ఎఫ్ నొక్కుట యిఁకమీఁద వ్రాయుటకు సంబంధించినది. చదువుట తప్పినప్పుడు వ్రాయు సంకేతమును మార్చుటయే సంకరమునకు రాజమార్గము.

సంకరము కలిగినపిమ్మట నైనచో ఫైలును యు.టి.ఎఫ్-8గాఁ దెఱచి పంక్తి పంక్తిని బరీక్షింపవలెను. క్రొత్తపేరులు తెలుఁగునఁ గనఁబడును, వానిని ముట్టరాదు. అకారము వెంటఁ జిన్నసున్న గాని ధనఋణచిహ్నము గాని గల పంక్తులను వెదకి, ఒక్కొక్క పంక్తిని గుఱుతుపెట్టి, రీకోడ్ రీజియన్ అను నాదేశము నీయవలెను. ఆ యాదేశము రెండు ప్రశ్నల నడుగును: సరియైన సంకేత మేది, తప్పుగా వాడిన సంకేత మేది? మొదటిదానికి యు.టి.ఎఫ్-8 అనియు, రెండవదానికి లాటిన్-1 అనియుఁ జెప్పవలెను. ఒక పొర తొలఁగును. తెలుఁగు కనఁబడినచో నాపవలెను. ఇంకను నకారములే కనఁబడినచో నా పంక్తి ద్విరావృత్తి దుష్టము. మరల నొకమాఱు చేయవలెను. తెలుఁగు వచ్చినతరువాతఁ జేసినచో శుద్ధపాఠమే చెడును. కావున నిది యంత్రమున కప్పగించి నిద్రపోవఁదగిన పని కాదు.

లోపించిన యక్షరములు

ఇంతవఱకుఁ జెప్పినది లాటిన్-1 విషయము. విండోసు-1252 అను దాయాది విషయము మఱింత సంకటము. అందు 129, 141, 143, 144, 157 అను నైదు స్థానములకు నక్షరములు లేవు. ఆ బైటు లెదురైనప్పుడు కొన్ని ప్రోగ్రాములు వానిని యథాతథముగాఁ గాపాడును, కొన్ని విడుచును, కొన్ని ప్రశ్నార్థకము నుంచును. తెలుఁగున నీ యైదింటికిఁ దగులు నక్షరము లేవో చూడుఁడు. 224, 176 తరువాత 129 అరసున్న, 143 ఏకారము, 144 ఐకారము, 157 ఝకారము. 224, 177 తరువాత 129 కొమ్ము, 141 పొల్లు. 157 అనునది 2021లోఁ జేరిన నకారపొల్లు, అది నేఁటి పేరులలో రాదు. కొమ్మును బొల్లును లేని తెలుఁగువాక్య మెక్కడ నున్నది? మా పట్టిక నకలొక టిట్టి ప్రోగ్రాము ద్వారా వెళ్లి రాఁగాఁ గొమ్ములును వత్తులును బోయి ప్రశ్నార్థకములు మిగిలెను.

ఇచ్చట యంత్రము చేతులెత్తును, పాఠశోధకుఁడు పూనుకొనవలెను. పొర తొలఁగించునపుడు తప్పుసంకేతముగా విండోసు-1252ను జెప్పవలెను. అప్పు డక్షరములన్నియు వచ్చి, లోపించినచోట మొదటి రెండు బైటులును ప్రశ్నార్థకమును మిగులును. ఆ రెండు బైటులే మనకు సాక్షులు. అవి 224, 176 అయినచో లోపించినది నాల్గింటిలో నొకటి. పదాదిని అరసున్న రాదు, ఏకార మైకారములు పేరుల నడుమ రావు, ఝకారము విరళము. కావున స్థానమును జూచియే నిర్ణయింపవచ్చును. అవి 224, 177 అయినచోఁ గొమ్మో పొల్లో తేల్పవలెను. శర, లోపము, మ అని యున్నచో శర్మయే గాని శరుమ కానేరదు. రామ, లోపము, డ, లోపము అని యున్నచో రాముడు. ప, లోపము, రసాద అని యున్నచో మొదటి లోపము పొల్లు. పురసాద యను మాట లేదు.

కాని ప్రసాద తరువాతఁ జివర నున్న లోపము మాటేమి? పూర్వాచారమును బట్టి ప్రసాదు అని వ్రాయువారు గలరు. నేఁటి వాడుకను బట్టి ప్రసాద్ అని వ్రాయువారును గలరు. వ్యాకరణము రెంటిలో నొకదానిని మెచ్చవచ్చును గాని, పేరు వ్యాకరణమున కధీనము కాదు, పేరుగలవాని కధీనము. ఇట్టిచోట నూహించి పూరించుట పాఠశోధనము కాదు, పాఠకల్పనము. మా పట్టికలో నిట్టి పేరొకటి మిగిలెను. సమాజపు పెట్టెలో నా గృహస్థుఁడు వ్రాసిన ప్రాఁతజాబు దొరకినది. అందు సంతకము చివరఁ గొమ్మున్నది. ఆ కొమ్ము నట్లే పట్టికలోఁ జేర్చితిమి. జాబు దొరకనిచో లోపమును లోపముగానే గుఱుతుపెట్టి యుంచెడివారము.

సంగ్రహము

ఫైలులోని బైటులు తమ యర్థమును దాము చెప్పవు. కావున వ్రాయువాఁడు మొదటిపంక్తిలో సంకేతమును జెప్పవలెను. చెప్పినదానికిఁ గట్టుబడి వ్రాయవలెను. అసత్యమైన ప్రకటన ప్రకటన లేకుండుటకంటెఁ గీడు. ప్రకటన లేనిచోఁ జదువువాఁడు సందేహించును. అసత్యమైనచో నమ్మి చెడును. తప్పుపఠనము వలనఁ బాఠము చెడదు. తప్పుపఠనముమీఁద సరియైన వ్రాఁత చేర్చి భద్రపఱచుట వలనఁ జెడును. పొరలుగాఁ జెడినది పొరలుగా బాగుపడును. బైటు పోయినచోటఁ బ్రమాణము వెలుపల వెదకవలెను. అందుచేఁ గంప్యూటరు పట్టిక యున్నదిగదా యని చేవ్రాత జాబులను బాఱవేయరాదు.

గ్రంథసంరక్షణమునకుఁ బూనిన సమాజములవారును, విద్యార్థుల పట్టికలను గాపాడు పాఠశాలా పండితులును దమ ఫైలులలో మొదటిపంక్తిని నేఁడే యొకమాఱు తెఱచి చూచుకొందురు గాక.